పన్నెండు కాపీలు

రాజోలు సెంటర్లో మా డీటీపీ షాపు.
గుబ్బల సూరన్న చెప్పులు బయట విప్పి వచ్చి
"ఒక పుస్తకం కొట్టాలమ్మా" అన్నాడు.
"శుభలేఖా?"
"కాదండి. దారి."

పన్నెండుమంది కుర్రాళ్ళు వెల్డింగు పనికి వెళ్తున్నారట,
దక్షిణాఫ్రికాలో బొగ్గు ఊళ్ళకి.
తను ఆరేళ్ళు ఉండొచ్చాడు.
తెలిసింది చెప్పి పంపకపోతే పాపం అన్నాడు.
చించినాడ వంతెన దాటితే నర్సాపురం తప్ప ఎరగని నేను
ఆయన చెప్తుంటే కొట్టాను.

మొదటి పేజీ:
జూన్‌లో చలి. నవ్వకండి. రగ్గు పట్టికెళ్ళండి.
ఆవకాయ డబ్బా మూత మీద గుడ్డ,
గుడ్డ మీద ప్లాస్టిక్కు, ప్లాస్టిక్కు మీద దేవుడు.
విమానం దిగాక రెండు గంటల రోడ్డు.
కాలవ ఉండదు. కొబ్బరిచెట్టు కోసం వెతక్కండి,
మెడ నొప్పి తప్ప ఏం దొరకదు.
దూరంగా పొగ కక్కుతూ కుండలు కనిపిస్తాయి,
తాటిచెట్టుకి కాదు, ఆకాశానికి కట్టిన కల్లుకుండలు.
అదే మీ ప్లాంటు.

నాలుగో పేజీ:
మనకి రెండు గజాలు తవ్వితే నీళ్ళు,
వాళ్ళకి ఇరవై గజాలు తవ్వితే బొగ్గు.
పాత గనుల్లో నిప్పు ఇంకా ఆరలేదు,
వాన వెలిశాక నేల ఆవిరి వదుల్తుంది.
అక్కడ నిలబడి ఫొటో దిగకండి.
గాలంతా అగ్గిపుల్ల గీసిన వాసన.
తెల్ల జేబురుమాలు వద్దు.

గోదారికి బొగ్గు కొత్తా అన్నాను,
ఎగువన బొగ్గు ఊళ్ళు చూసే కదా మన దాకా వస్తుంది.
"ఆయ్. కానీ మన దగ్గరికొచ్చేసరికి
కాళ్ళు కడుక్కుని వస్తదండి."
అది పుస్తకంలో వద్దన్నాడు.

ఏడో పేజీ:
సెలవు రోజున బీరు షాపుకి కాదు, గోగో ఇంటికి వెళ్ళండి.
గోగో అంటే అవ్వ.
(నేను గోగు అని కొట్టాను.
"కూర కాదమ్మా, మనిషి.")
పేరు నోమ్సా స్కోసానా. వాళ్ళ జాతి పేరు
ముక్కుతో ఎత్తి పెదాలతో దించాలి: న్దెబెలే.
గుమ్మంలో "లోఛానీ" అనాలి. బదులు వచ్చాకే అడుగు పెట్టాలి.
మన ముగ్గు నేల మీంచి లేచి
గోడంతా నిలబడితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.
స్కేలు లేదు, దారం లేదు. కోడి ఈక.
తెలుపు సున్నం. నీలం మన పంచెలకేసే నీలిమందే.
నలుపు మసి.
ప్రతి రంగు చుట్టూ నల్ల గీత, చేను చుట్టూ గట్టులా.
మెట్లు, బ్లేడు, కరెంటు బల్బు,
కరెంటు రాక ముందే వేసిన బల్బు.
ధర అడక్కండి. చేతులు వెనక్కి కట్టుకుని చూడండి.

పదకొండో పేజీ దగ్గర ఊరుకున్నాడు.
ఫ్యాను తిరిగింది.

ఆ ఇంటి కింద పాత గని. ఏటా గోడ పగుల్తుంది.
ఆవిడ పూడ్చదు.
పగులునే ఈకతో నల్లగా దిద్ది
పక్కన ఇంకో గీత, ఆ పక్కన పసుపు.
మరుసటేడు వచ్చినవాడికి
ఏది పగులో ఏది ముగ్గో తెలీదు.

"లంకలో మా ఇల్లూ అంతేనండి. ఏరు కోసుకుంటా వచ్చింది.
మేం బస్తాలేసి పూడ్చాం, పూడ్చాం."
లేచి మంచినీళ్ళు తాగాడు.
"ఇది కొట్టెయ్యమ్మా. కుర్రాళ్ళు భయపడతారు."

కొట్టమన్నదీ ఆయనే, కొట్టెయ్యమన్నదీ ఆయనే.

పన్నెండు కాపీలు, స్పైరల్ బైండింగు.
కేలండర్ వెనక బాల్‌పెన్నుతో గీసుకొచ్చిన గోగో గోడ
అట్ట మీద వేశాను.
రంగులైతే పేజీకి పది, నలుపు రూపాయి.
నలుపే చాలన్నాడు.
"ఏ రంగు ఎక్కడో వెళ్ళినోళ్ళు చూసుకుంటారు."
పదహారు రూపాయలు తగ్గించమంటే తగ్గించాను.

పదకొండో పేజీ కొట్టెయ్యలేదు.
వేరే ఫైల్లో ఉంది, గోగు అని పేరు.

షట్టరు దించబోతుంటే చూశాను,
జిరాక్సు మిషను వెనక గోడకి
కిందటి వరదప్పటి బీట, నా మోచెయ్యంత.
సొరుగు లాగాను.
నల్ల స్కెచ్ పెన్ను ఇక్కడే ఎక్కడో ఉండాలి.