తేలని ఒక్కటి

తూకం రాసుడు నా పని.
మిర్యాలగూడ, ఉప్పుడు బియ్యం మిల్లు, రెండో నంబరు కాంటా.
బస్తా యాభై కిలోలు.
మూడావత్ సక్రు నలభై ఎనిమిది.
ముప్పై ఒక్క ఆటల్ల ఒక్కటి గూడ ఓడనోడు
మా హమాలి లచ్చయ్య పొద్దుకు రెండొందల మాట్ల మోసే బరువు కన్నా
రెండు కిలోలు తక్కువ.

ఇలియాస్ సార్ దగ్గర ఒక క్యాసెట్ ఉండె,
దుబాయి నుంచి బామ్మర్ది పంపింది.
అండ్ల ఒక మెక్సికో దేశపోడు, సక్రు అంతే ఉంటడు.
పేరు మా నోట్లె తిరగక మెక్సికాయన అన్నం.
ఎగరడు. దుంకడు. చేతులు దవడ కాడికెల్లి దించడు.
ఎడమ చెయ్యి తలుపు కొట్టినట్టు,
కుడి చెయ్యి ఆ తలుపుల నుంచి ఇంట్లకు పోయినట్టు.
ఆ దేశం మాట ఒక్కటి తెల్వకున్నా
అరుపుల ఎగుడుదిగుడు పట్టి దెబ్బలు లెక్కపెట్టుకున్నం.
ఆఖరికి సార్ టీవీ మీద వేలు పెట్టి చూపిచ్చిండు:
ఓడినవి, సున్నా.
"గుడ్డు గాదిది, పొదిగితే పిల్ల రాదు.
పగలకుండ మొయ్యాలె, గంతే."

తూకం నాడు సక్రు నీళ్లు ముట్టకపోతుండె.
యూరియా సంచికి మూడు బొక్కలు జేసి తొడుక్కొని
సాగర్ కాల్వ గట్టు మీద ఉరుకుతుండె,
పక్కపొంటి కాల్వ నిండ నీళ్లు ఉరుకుతుంటే.
ఇంకా పావు కిలో మిగిలితే
మా బాయిలర్ పక్కన కూసుండి వడ్లతో పాటు ఉడుకుతుండె.
ఒకసారి నూరు గ్రాములు ఎక్కువ చూపితే
తాత ఇచ్చిన వెండి మొలతాడు ఇప్పి
నా చేతుల పెట్టిండు.

చూసెటోళ్లెవరు?
పెద్ద బరువులోళ్ల కోసం ఆగిన జనం
వీళ్ల ఆటప్పుడు మిర్చి బజ్జీలకు పోతుండె.
బజ్జి నూనెల మునిగి తేలేలోపల
అవతలోడు కింద ఉండె.
"అరె, అయిపోయిందా?"
అతని గెలుపులన్నీ ఈ ఒక్క మాటే విన్నయి.
పేపర్ల ఒక్కపాలి పడ్డది, అదీ సక్కు అని.

ఆ ముప్పై ఒక్కటిల నాలుగు నాయి.
మొదటిసారి ముక్కు.
రెండోసారి ఏమైందో నాకు ఎర్క లేదు, ఇడువుండ్రి.
మూడోసారి దెబ్బ కానొచ్చింది, వస్తదని తెలుసు, వచ్చింది,
జన్మల ఆలస్యం గాని ఒకే ఒక్క బస్సు లెక్క.

నాలుగోది ఎన్నెస్పీ క్యాంపు గ్రౌండుల, చలికాలం, మూడో రౌండు.
అతని ఎడమ చెయ్యి ఆ నాడు
వడ్ల గింజంత ఆలస్యం.
దూరిన.
పక్కటెముకల కింద నా కుడి చెయ్యి దిగింది.
సక్రు నోట్లెకెల్లి ఒక చప్పుడొచ్చింది,
బస్తా కుట్టు ఊడినప్పుడు వచ్చేది.
మొదటిసారి నన్ను చూసినట్టు చూసిండు.
కరెంటు పోయింది.

చీకట్ల ఇద్దరం అట్లనే నిలబడ్డం.
అతని ఊపిరి నా భుజం మీద.
కొట్టొచ్చు, ఎవలకు కానరాదు.
అతనూ కొట్టలే, నేనూ కొట్టలే.
లైన్‌మన్ కోసం పోయిన సైకిలు రాలే.
గంటకు ఇలియాస్ సార్ బ్యాటరీ లైటు పట్టుకొని
పుస్తకంల రాసిండు: తేలలేదు.

ఆ ఆట తర్వాత సక్రు గ్లౌజులు ఇడిసిండు.
ఎందుకని నేను అడుగలే.
యాసంగి వడ్లు తెచ్చినప్పుడల్ల
బస్తాల తూకం అయినంక తనూ కాంటా ఎక్కుతడు.
అరవై మూడు. చీటీ రాసిస్త.
మడిచి అంగి జేబుల పెట్టుకుంటడు.

మొన్న అతను కాంటా మీద ఉండంగనే కరెంటు పోయింది.
చీకట్ల అన్నడు:
"ఆ నాడు ఇంకొక్కటి కొడితే పడుతుంటి."
నిజమో, నా మీద జాలో.
జనరేటర్ మొదలయ్యేదాంక నేనేం మాట్లాడలే.

లైటొచ్చింది.
మనిషి నిలబడే ఉన్నడు,
కాంటా కొత్తగ తెరిచిన కన్ను లెక్క
సున్నా చూపిస్తున్నది.
దిగి, మల్ల ఎక్కుమన్న.