టక్

కలాసిపాళ్యలో, షెడ్డు నేల మీద
నా బండి వెనక ఇరుసు విప్పి పరిచాడు ముక్తియార్ భాయ్.
గేర్ ఆయిల్ వాసన రెండ్రోజులు నా అన్నంలో.

"ఇన్నాళ్లూ జారే చక్రానికే బలమంతా పోసింది సార్ ఇది.
నేల దొరికింది ఊరికే నిలబడింది" అన్నాడు,
పళ్లకి నీలం పూసి, తుడిచి, మళ్లీ పూసి,
వెంట్రుకవాసి సందు కోసం
మూడోసారి షిమ్ము మారుస్తూ.

ఇప్పుడు రెండూ ఒక్కమాట మీదే.
సకలేశపుర బురదలో వరం.
బురద నెలకోసారి, సిల్క్ బోర్డు రోజూ.

యూటర్న్‌లో
బయటి చక్రం విడిపించుకుని ముందుకురికి
మళ్లీ వచ్చి కరుచుకుంటుంది:
టక్!
కాఫీ ఒలుకుతుంది.
పక్కన స్కూటరావిడ కిందకి వంగి చూసి
ఏదో ఊడిందని సైగ చేస్తుంది.

ఊడలేదమ్మా.
బిగించాం.