లేచేవాణ్ణి

సఖినేటిపల్లి రేవులో పంటు నిండేదాకా పావుగంట,
వశిష్ఠ దాటడానికి ఇంకో పావుగంట.
ఈ అరగంటే నా బడి.

మాస్టారు బొమ్మిడి ఏలీషా గారు.
పద్దెనిమిదేళ్ళు సరుకు ఓడల్లో వంట చేసి
గుయాకిల్ రేవులో ఉల్లిపాయలు బేరమాడుతూ నేర్చుకున్న స్పానిష్‌ని
నర్సాపురం వెళ్ళే మోటారు సైకిళ్ళ మధ్య నిలబడి
నాకు వడ్డిస్తారు, ఉప్పు చూడమన్నట్టు.

"ఇవాళ తేలికండి పల్లాలమ్మ గారూ. 'అయితే గనక' అనే పాఠం.
క్రియని కొయ్యక్కర్లేదు, తోలు తియ్యక్కర్లేదు.
తలా తోకా ఉన్నదున్నట్టు ఉంచి
చివర ఈయ తగిలించండి. ఆయ్, అంతే."

రొయ్య తల తుంచి, తోలు వలిచి, నరం లాగి
పూటకి వంద కిలోలు దాటించే చేతులు నావి.
ఏదీ కొయ్యొద్దంటే
కాసేపు వాటికేం తోచలేదు.

కౌంటు కాగితం వెనక రాసుకున్నాను:
కొమేర్, తినడం. కొమెరీయ, తిందును, పెడితే.
క్రుసర్, దాటడం. క్రుసరీయ, దాటుదును, పంటు కదిలితే.
బెందేర్, అమ్మడం. బెందెరీయ...
ఇక్కడ పంటు ఒడ్డుకి తగిలి గీత పక్కకి పోయింది.

ఈయ.
మా వైపు అప్పు ఈయడు అంటాం, దారి ఈయడు అంటాం.
ఈయవచ్చు, ఈయకపోవచ్చు.
నేనైనా ఈయే, ఆయనైనా ఈయే,
వాళ్ళందరూ అయితే ఈయన్.
నాకు నవ్వాగలేదు. మాకు ఈయన అంటే ఒక్కరేనండి,
ఆ ఒక్కరూ ఇంట్లో ఉంటారు.

మార్చిలో ఫ్యాక్టరీకి వీగో నుంచి కొనేవాళ్ళొస్తారట.
వాళ్ళ దగ్గర "కావాలి" అనకూడదు, "మె గుస్తరీయ" అనాలట,
అంటే, ఇష్టపడుదునండీ, కుదిరితే, మీకేం ఇబ్బంది లేకపోతే.
గోదారోళ్ళకి ఇది ఒకరు నేర్పాలా!
గ్లాసుడు కాఫీ కావాలన్నా
వానల దగ్గర మొదలెట్టి, కొబ్బరి రేటు మీదుగా వచ్చి అడుగుతాం.

మాకూ ఒక చెరువుండేది, ఎకరంన్నర, కౌలుకి, వెనామీ.
ఒక రాత్రి కరెంటు పోయింది.
జనరేటర్లో డీజిలుంది, అది మీట నొక్కే మనిషి కోసం చూసింది.
ఈయనకి జ్వరం. నేను నైటు షిఫ్టు.
తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టు వారకి చేరి
మీసాలు నీటి పైకి పెట్టి ఉన్నాయి.

ఆ సంగతి ఈయన ఎత్తరు, నేనూ ఎత్తను.
మొన్న కంచంలోకి చూస్తూ అన్నారు:
"రెండింటికి లేచేవాణ్ణి."
మజ్జిగ పోసుకున్నారు.

రోజూ లేచేవాణ్ణి అనా?
ఆ రోజు ఒళ్ళు స్వాధీనంలో ఉంటే లేచేవాణ్ణి అనా?
అమ్మ భాష రెంటికీ ఒకటే మాట పెట్టి ఊరుకుంది.

మర్నాడు పంటు మీద అడిగాను, దీన్ని మీ భాషలో ఏమంటారని.
"ఏ లేచేవాణ్ణండి?" అన్నారు ఏలీషా గారు.
"రోజూ తినేవాణ్ణి అంటే కొమీయ.
పెడితే తినేవాణ్ణి అంటే కొమెరీయ.
నడుమ ఒక్క ఎర్ తేడా, నలుసంత.
కానీ అయిపోయినదానికి, పెట్టుంటే తినుందును అనడానికి,
ఇంకో క్రియని పిలవాలండి. అది చెప్పిన మాట వినదు,
నడుం విరుచుకుని వస్తుంది. వచ్చే వారం చూద్దాం."

"అయితే ఈ తేలిక దానితో గడిచిపోయిందేదీ చెప్పలేమా?"
రేవు దగ్గర పడుతోంది. తాళ్ళు విసురుతున్నారు.
"టైము చెప్పొచ్చు. కచ్చితంగా తెలీనప్పుడు.
సెరీయన్ లాస్ దోస్. రెండయ్యుంటుంది."

ఆ రాత్రి మెలకువొచ్చి చూస్తే
చొక్కా తొడుక్కుని మంచం అంచున కూర్చుని ఉన్నారు,
చేతిలో వెలిగించని టార్చి.
చెరువు వేరేవాళ్ళు కౌలుకి తీసుకుని రెండేళ్ళు.
వాళ్ళ ఏరేటర్లు దూరంగా నీళ్ళని కొడుతూనే ఉన్నాయి.

"టైమెంతయిందే?"

గోడ గడియారం చీకట్లో ఉంది.
"రెండయ్యుంటుంది" అన్నాను.
పడుకోండి అనబోయి
గోడ వైపుకి జరిగాను.