కరగని తెలుపు

మైనాట్‌లో బయల్దేరేసరికి
నీళ్ల గొట్టం కర్రలా బిగుసుకుపోయి ఉంది.
ఓర్విల్ దాన్ని తిట్టాడు.
సోల్వే చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని
సౌత్ డకోటా దాటేదాకా వెచ్చజేసింది.

మొదటి రాత్రి ఓ సూపర్‌మార్కెట్ పార్కింగ్‌లో,
పక్కన పశువుల లారీ, తెల్లార్లూ గిట్టల చప్పుడు.
కాన్సాస్‌లో గాలికి బండి ఊగింది,
అల్మారాలో కప్పులు తమలో తాము గొణుక్కున్నాయి.
ప్రపంచంలోకెల్లా పెద్ద కోడిపెట్ట బొమ్మ అని బోర్డు చూసి
నలభై మైళ్లు పక్కకు పోయారు.
చలికాలం మూసేస్తారట.

న్యూమెక్సికోలో, స్వెటర్లు విప్పాక,
మళ్లీ ఎదురైంది తెలుపు.
దిబ్బలు దిబ్బలుగా ఇసుక.
పొట్టిచేతుల చొక్కాల పిల్లలు
ప్లాస్టిక్ పళ్లాల మీద జారుతున్నారు.
దారిని కమ్మిన ఇసుకను
ఓ పసుపు యంత్రం నెట్టుకుంటూ పోతోంది.

ముప్ఫై ఒక్క చలికాలాలు
కౌంటీ రోడ్ల మీద మంచు తోసినవాడు ఓర్విల్.
అద్దం దించి అరిచాడు:
"బ్లేడు కాస్త వాల్చు, అబ్బాయ్!"
వినపడిందో లేదో, కుర్రాడు చెయ్యి ఊపాడు.

ఆ రాత్రి క్యాంపులో
గొట్టంలోంచి నీళ్లు ధారగా వచ్చాయి.
గుమ్మం దగ్గర బూట్లు దులుపుకుని
ఓర్విల్ చాలాసేపు నిలబడ్డాడు,
చాప మీది తెల్లటి పొడి
తడిగా మారుతుందేమోనని.