మంచినీళ్ళ వాల్వు

జెట్టీ మీద నా పని చిన్నది.
ఓడ కట్టాక గొట్టం తగిలించడం,
వాల్వు తిప్పడం,
మీటరు చూసి పుస్తకంలో ఎక్కించడం.
ఇరవై తొమ్మిదేళ్ళుగా
ఏ జెండాకైనా అవే పదకొండు చుట్లు.

మొన్న మంగళవారం ఒక బూడిదరంగు ఓడ వచ్చింది.
పేరు నోరు తిరగలేదు, నంబరు రాసుకున్నాను.
మూడొందల నలభై టన్నులు తాగింది
మేహాద్రిగెడ్డ నీళ్ళు.
ఆ పూట మల్కాపురంలో మా వీధి కొళాయి
కాసేపు దగ్గి ఊరుకుంది.
మా ఆవిడ ఏమీ అనలేదు,
బిందె బోర్లించింది.

దాహమన్నవాడికి నీళ్ళు పోయాలి.
మా నాయనమ్మ నరసయ్యమ్మ
పగవాడి పాలేరుకైనా చెంబు అందించేది.
మజ్జిగ అడిగితే మాత్రం
ఎవరి తాలూకని అడిగేది.

ఇప్పుడేదో కాగితం వస్తుందట.
నీళ్ళూ నూనే కాక
ఒక జెట్టీ, నాలుగు గోడౌన్లు,
యారాడ కొండ వారగా కాస్త చదును.
స్థావరం కాదట, సౌకర్యమట.
టీ బడ్డీ దగ్గర ఆ రెండు మాటల మధ్య
గ్లాసులు చల్లారిపోతున్నాయి.

పక్కింటి యర్రన్న కొడుకు
జలాంతర్గామిలో చేస్తాడు.
"నీటి కింద మేం చెవుల్తోనే చూస్తాం బాబాయ్.
ఇంత సముద్రానికి మా చెవులు చాలవు.
ఇంకొకడి చెవులు తోడుంటే తప్పేటి?"
తప్పేటి అనే నేనూ అనుకున్నాను.
సెలవుకొచ్చినప్పుడు వాడు
నిద్రలో ఉలిక్కిపడి లేస్తాడని వాళ్ళమ్మ చెప్పింది.
ఆ మాటను తీసిపారేయడానికి
నేనెవణ్ణి?

కానీ నలభై రెండులో,
ఏప్రిల్ ఎండలో, హార్బరు మీదికి
జపాను విమానాలొచ్చాయి.
జపానువాడికి మనతో ఏం తగువు?
తెల్లోడి ఓడలు మన రేవులో ఉండటమే తగువు.
బాంబు మీద చిరునామా తెల్లోడిది,
పోయింది బస్తా మోస్తున్న మా తాత ఎడమ చెవి.

భీమిలిలో ఒలందావాళ్ళ సమాధులు
బళ్ళో ఉన్నప్పుడు చూపించారు.
వాళ్ళూ గుడ్డలు దాచుకోవడానికి
కాస్త చోటే అడిగారట.
తర్వాత గిడ్డంగికి గోడ, గోడ మీద ఫిరంగి.
"ఏకు మేకై కూర్చుందర్రా" అన్నారు పంతులుగారు.
సరిగ్గా అప్పుడే ఆ రాళ్ళ మీద
రెండు మేకలు కూర్చుని నెమరేస్తున్నాయి.
పడీపడీ నవ్వాం.
పంతులుగారు నవ్వలేదు.

ఆ ఓడ మీంచి ఒక కుర్రాడు దిగాడు.
ఎండకి ముక్కు పొలుసులు లేచిపోయింది.
గొట్టం దగ్గర దోసిలి పట్టి తాగి
బొటనవేలు చూపించాడు.
వాడి మీద నాకేం కోపం లేదు.
వెళ్ళేటప్పుడు చెయ్యి ఊపాడు,
నేనూ ఊపాను.

మనం పోతానని అనం. వెళ్ళొస్తానంటాం.
ఆ మాటతోనే చుట్టం చుట్టమవుతాడు.
ఉండిపోయినవాడికి ఆ మాటతో పనిలేదు.
చీటీ చూపించి, సంచీ విప్పించి,
మన వాకిట్లో మనమే
"వెళ్ళొస్తామండీ" అనాలి వాడితో.

ఈ వాల్వు ఎడమకి తెరుచుకుంటుంది,
కుడికి మూసుకుంటుంది.
మూసే చెయ్యి నాదైనంత కాలం
తెరవడానికి నాకేం అడ్డు లేదు.

సెప్టెంబరులో నాకు రిటైర్మెంటు.
సూపర్వైజరుని ఒక్కటే అడిగాను:
రేపు గోడ కడితే
వాల్వు ఇవతలికొస్తుందా, అవతలికా?
ప్లాను ఇంకా గీయలేదన్నాడు,
పెన్సిలు చెవి సందున దోపుకుంటూ.