తువ్వాలు కింద రేటు

ట్యాబ్లెట్లో ఐదు ప్రశ్నలు.
నడక, ఒంటి పని, ఇంటి పని, నొప్పి, దిగులు.
ఒక్కోదానికి ఐదు మెట్లు.
ఆ తర్వాత అసలు బేరం:
"ఇట్లనే పదేళ్ళు బతుకుతారా,
ఏ నలతా లేకుండా ఏడేళ్ళు చాలా?"
చాలంటే ఆరుకి దిగాల.
చాలదంటే ఎనిమిదికి ఎక్కాల.
రెండూ ఒకటే అనేదాకా వదలకూడదు.

తిరుపతిలో మూడు దినాలు శిక్షణిచ్చినారు.
అడిగేటప్పుడు మొహంలో ఏమీ కనపడకూడదన్నారు.
అదొక్కటే నేర్చుకోలేకపోయినాను.

బంగారుపాళెం మామిడి మండీలో
చెంగల్రాయుడు కాయల గుట్ట పక్కన కూర్చోనుండాడు.
ఆ కాలికి మూడుసార్లు పుత్తూరు కట్టు కట్టించినారంట.
"ఎవురిచ్చేది పాపా ఆ ఏడేళ్ళు? గవర్మెంటా?"
"ఎవురూ ఇయ్యరు తాతా. ఊరికే అనుకోవాల."
"ఊరికే అనుకునేదానికా ఇంత ఎండలో వచ్చినావు!"
నవ్వి, భుజం మీది తువ్వాలు తీసి
నా చెయ్యి మీద కప్పినాడు.
మండీలో రేటు నోటితో చెప్పరు.
నాలుగు వేళ్ళు పట్టినాడు. ఒకటి విడిచినాడు.
మళ్ళీ పట్టినాడు, పక్కన ఇంకో రెండు.
బొటనవేలు నొక్కిపెట్టి
కాలు వైపు చూస్తా చానాసేపు ఉండిపోయినాడు.
ఆ చానాసేపటికి ట్యాబ్లెట్లో గడి లేదు.
ఆరున్నర అని వేసినాను.

పలమనేరు దగ్గర, పాల సెంటరు కాడ
దొరసానమ్మ క్యాను దించి
నడుం పట్టుకుని నిలబడే జవాబులు చెప్పింది.
నొప్పి నాలుగో మెట్టు.
ఎన్నేళ్ళు వదులుకుంటావంటే
ఒక్క దినం గూడా ఇయ్యనంది.
"నొప్పి నాది మేయ్, దినాలు నావి గాదు.
గ్రూపు లోను ఇరవై రెండు కంతులుండాయి.
ఆవు చూలుతో ఉండాది.
అయన్నీ తీరినాక రా,
ఎన్ని కావాలంటే అన్ని తీస్కపో."
ఏమీ వదులుకోనివాళ్ళకి
తెర ఒకటి అని చూపిస్తుంది.
ఒకటంటే సంపూర్ణ ఆరోగ్యం.
నడుం మీద చెయ్యి తియ్యకుండానే తొంగి చూసి
"ఏం రాసింది?" అనింది.
నేను చెప్పలేదు.

కల్యాణకట్టలో పంకజ
కుడి మణికట్టుని ఎడమ చేత్తో నొక్కుకుంటా
నొప్పి లేదు అని రాసుకోమంది.
రాసుకున్నాను.
ఆ దినం ఎన్ని తలలో ఆమెకి లెక్కుంది.

చిత్తూరులో దిల్షాద్ ఇల్లు ఒకటే గది.
మంచంలో మొగుడు, ఎడమ పక్క పడిపోయి మూడేళ్ళు.
ఆమె కోసం తెర మీద ఇట్లాంటి మనిషినే పెట్టింది లాటరీ:
నడవలేడు, స్నానం చేసుకోలేడు, దిగులు ఎక్కువ.
"ఈ బతుకు చావు కన్నా మేలా, హీనమా?"
గొంతు తగ్గించి చదివినాను.
గది తగ్గలేదు.
ఆయన కన్ను తిరిగింది, నా వైపు కాదు,
ఆమె ఏమంటుందోనని ఆమె వైపు.
ఆమె లేచి ఆయన దుప్పటి సర్దింది.
సర్దిన దుప్పటే మళ్ళీ సర్దింది.
కొంచెంసేపటికి తెర దానంతటదే ఆరిపోయింది.
స్పందన లేదు, కోడు తొంభై తొమ్మిది.

రాత్రి బస్టాండులో అంతా పంపించినాను.
పొద్దున్నే సారు ఫోను:
"నాలుగో నెంబరు లెక్క కుదరలా.
ఆ మామిడికాయల ముసలాయన్ని మళ్ళీ అడుగు."

పోయినాను. రాత్రి వాన పడింది మండీలో.
తడిసిన గోతాల వాసన.
"నిన్న చెప్పింది నిన్నటి రేటు," అన్నాడు,
"ఈ పొద్దు కాలు కొంచెం మాట వినింది.
తోతాపురి టన్నుకి రెండు వందలెక్కింది."
తువ్వాలు పిండి, దులిపి, కప్పినాడు.
అయిదు వేళ్ళూ పట్టినాడు.
విడిచినాడు.
మళ్ళీ అయిదూ పట్టి
ఒక వేలు కాడ ఆగినాడు.

జేబులో ఫోను మోగతా ఉంది, ఎంత, ఎంత అని.
నా చెయ్యింకా తువ్వాలు కిందే ఉంది.