ఒంటివరస దారి

కాన్‌బెరాలో జులై. తెల్లవారుజాము మూడు దాటి పది నిమిషాలు.
బయట కార్ల అద్దాల మీద మంచు పేరుకుంటోంది.
అది చాలనట్టు లోపల నేను
ఇంకా చలి కావాలని
హీలియం పంపు చప్పుడు వింటూ కూర్చున్నాను.

క్రయోస్టాట్ అడుగున, నాలుగు బంగారు వేళ్ల కింద
ఇండియం ఆర్సెనైడ్ తీగ ఒకటి పడుకుంది.
నా తలవెంట్రుక వెడల్పులో
అలాంటివి పదిహేను వందలు పక్కపక్కన సర్దచ్చు.
దాన్ని పెంచిన మార్గిట్ "మా అమ్మాయి" అంటుంది.
నాకు మాత్రం చిప్పు నంబరు పదిహేడు.

పాఠ్యపుస్తకంలో ఎలక్ట్రాన్లు మర్యాదస్తులు.
ఎవరి దారి వారిది.
లిఫ్టులో అపరిచితుల్లా
ఒకరి మొహం ఒకరు చూసుకోరు.
వెడల్పైన లోహంలో అలా చెల్లిపోతుంది,
సందు చూసుకుని తప్పుకోవచ్చు,
ఉన్న కాస్త కీచులాట గుంపులో కలిసిపోతుంది.

ఇక్కడ తప్పుకోవడానికి పక్క అనేదే లేదు.
ముందొకటి, వెనకొకటి.
పొడ గిట్టని వాళ్లందర్నీ
ఏరి కోరి ఒకే వరసలో నిలబెట్టినట్టు.

నేను వచ్చింది మెట్ల కోసం.
గేటు వోల్టేజీ పెంచుతూ పోతే
వాహకత మెట్టు మెట్టుగా పైకెక్కాలి.
మొదటి మెట్టే రావలసినంత ఎత్తు రాలేదు.
పైగా చల్లబరిచేకొద్దీ కుంగుతోంది.

"కాంటాక్టు చెడింది" అన్నాడు డెస్మండ్,
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుంటూ.
కావచ్చు. మా వృత్తిలో తప్పులన్నీ టంకం ఖాతాలోకే.
నాలుగు వారాలు టంకాన్ని తిట్టాను.
కేబుళ్లు మార్చాను. ఎర్తింగు మళ్లీ వేశాను.
కారిడార్లో వాక్యూం నడపొద్దని క్లీనర్‌ని బతిమాలాను.
మెట్టు మెట్టు దిగలేదు.

జూన్ లాంగ్ వీకెండులో, బేట్‌మన్స్ బే నుంచి తిరిగొస్తూ
క్లైడ్ కొండ మీద ఇరుక్కున్నాను.
రోడ్డు పని. ఒకటే లేను.
నారింజ కోటు మనిషి పలక తిప్పాక
అందరం పాకడం మొదలెట్టాం.
ముందెక్కడో ఎవరో బ్రేకు తొక్కారు.
ఆ కుదుపు కారు నుంచి కారుకి పాకుతూ
నా దాకా వచ్చి, నన్ను దాటి, వెనక్కి వెళ్లిపోయింది.
కార్లు ముందుకి. కుదుపు వెనక్కి.
అది ఏ కారుదీ కాదు.
స్టీరింగు మీద గుద్ది, "ఓసి నీ!" అన్నాను
కార్లో ఒక్కదాన్నే.

ఈ రాత్రి ఉష్ణోగ్రతనీ వాహకతనీ
లాగరిథం గళ్లలోకి ఎక్కించాను.
నాలుగు కెల్విన్లు, రెండు, ఒకటి, అర.
తాపీమేస్త్రి దారం లాగి పట్టుకున్నట్టు
చుక్కలన్నీ ఒక్క గీత మీద.
చెడిపోయిన కాంటాక్టుకి ఇంత బుద్ధి ఉండదు.

అయితే ఇక్కడ ఎలక్ట్రాన్ అనే మాట అరువు మాటే.
ఈ కొసన ఒకదాన్ని లోపలికి నెడితే
ఆ కొసన బయటపడేది అది కాదు.
నెట్టిన నెట్టు అందుతుంది, అంతే.
ఆవేశం గబగబా ముందెళ్లిపోతుందట,
స్పిన్ వెనక నింపాదిగా వస్తుందట.
పెట్టె బెల్టు మీద తిరుగుతుంటే
మనిషి ఇంకా ఇమిగ్రేషన్ క్యూలో ఉన్నట్టు.
ఆ విడిపోవడం నా చుక్కల్లో కనిపించదు.
దానికి వేరే ప్రయోగం కావాలి, వేరే గ్రాంటు.

డెస్మండ్‌కి ఉత్తరం:
"పదిహేడులో కాంటాక్టు బాగానే ఉంది.
అవి ఒకదాన్నొకటి పట్టించుకుంటున్నాయి."
రెండో వాక్యం కొట్టేసి
ఘాతాంకం రాశాను, పక్కన పొరపాటు అంచనాతో.

ఆరున్నరకి బయటికొచ్చి
గడువు తీరిన లైబ్రరీ కార్డుతో
కారు అద్దం మీది మంచు గీకాను.
యూకలిప్టస్ కొమ్మ మీద మాగ్‌పై గొంతు సవరించుకుంటోంది.

పార్కింగు ఇనప గేటు దగ్గర
హీలియం లారీతో లెషెక్ ఎదురయ్యాడు.
ఒక్క బండే పట్టే దారి.
నేను ఆగాను. అతనూ ఆగాడు.
మీరు ముందంటే మీరు ముందని
ఇద్దరం చేతులూపుకుంటూ,
ఇంజన్లు ఆన్‌లోనే,
పొగమంచులో.